వంద యూరోల వోచర్‌కు సంతకం పెట్టకండి

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. సొంతూరు హిందూపురం. పోయిన నెల అమ్మానాన్నలను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి పంపాను. యూరప్ కంపెనీ విమానం, డైరెక్ట్ ఫ్లైట్. రాత్రి 1:50కి బయల్దేరాల్సింది. టెక్నికల్ ప్రాబ్లం అని చెప్పి ఉదయం తొమ్మిదింటికి తీశారు. రాత్రంతా ఇద్దరూ కుర్చీల్లోనే కూర్చున్నారు. నాన్నకు డెబ్భై ఏళ్ళు, షుగర్ ఉంది. ఇద్దరూ శాకాహారులు. తెల్లవారుజామున ఒక చీటీ ఇచ్చారట, దాన్ని తీసుకెళ్తే వచ్చింది చికెన్ సాండ్‌విచ్. ముట్టుకోలేదు. ఏడు గంటల పది నిమిషాలు ఆలస్యంగా దిగారు. ఒక బ్యాగు నాలుగు రోజుల తర్వాత ఇంటికి వచ్చింది. అది వచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇప్పుడు ఆ కంపెనీవాళ్ళు తలా వంద యూరోల ట్రావెల్ వోచర్ ఇస్తామని, ఒప్పుకుంటే లింక్‌లో సంతకం చేయమని మెయిల్ పెట్టారు. అన్నయ్య "గొడవెందుకు, తీసేసుకుందాం" అంటున్నాడు. మీరేమంటారు?

ఇంకో సంగతి. అన్నయ్య, వదిన పొద్దున వెళ్తే సాయంత్రమే రావడం. వచ్చే వారం అమ్మానాన్నలు నాలుగు రోజులు పారిస్ కూడా వెళ్తున్నారు. బయటి తిండి అంటేనే అమ్మకు టెన్షన్. అక్కడ మనవాళ్ళు తినే చోట్లు ఎలా వెతుక్కోవాలి?
– ఎస్. ఎల్., బెంగళూరు

జవాబు: ముందు మీ అన్నయ్యకు ఫోన్ చేసి ఆ లింక్ నొక్కవద్దని చెప్పండి. మిగతాది తర్వాత చదువుదురుగాని.

మీ అమ్మానాన్నలకు రావలసింది తలా ఆరు వందల యూరోలు. డబ్బుగా రావాలి. ఇద్దరికీ కలిపి 1,200 యూరోలు, మన లెక్కలో లక్ష రూపాయల పైమాట. యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 261వ నంబరు రెగ్యులేషన్ ఒకటుంది, 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. యూరోపియన్ యూనియన్‌లోని ఏ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరినా, అది ఏ దేశపు విమానమైనా సరే, ఈ చట్టం వర్తిస్తుంది. బయటి దేశం నుంచి అక్కడికి వెళ్ళేటప్పుడు మాత్రం విమానం యూరోపియన్ కంపెనీదై ఉండాలి. మీవాళ్ళది ఆ రెండో రకం. బెంగళూరులో ఎక్కారు, యూరప్ కంపెనీ విమానం, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగారు. కాబట్టి చట్టం పూర్తిగా మీ పక్షమే.

ఒక్కటి సరిచూసుకోండి. టికెట్ మీద చిన్న అక్షరాల్లో 'ఆపరేటెడ్ బై' అని ఉంటుంది. టికెట్ ఒక కంపెనీ అమ్మి విమానం ఇంకో కంపెనీ నడపడం మామూలే. లెక్కలోకి వచ్చేది నడిపిన కంపెనీ. అదే రూట్‌లో మన దేశపు విమానం నడిపి ఉంటే, వెళ్ళేటప్పుడు ఈ ఆరు వందలు వచ్చేవి కావు. నేను మల్లేశ్వరంలో పద్దెనిమిదేళ్ళు టికెట్లు బుక్ చేశాను. రెండు వేల రూపాయలు తేడా ఉంటే అడిగేవాళ్ళే గాని, ఈ ఒక్క లైను చూపించమని అడిగినవాళ్ళు నాకు గుర్తు లేరు.

ఎంత ఇవ్వాలనేది దూరాన్ని బట్టి ఉంటుంది. 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు, 3,500 లోపు 400, అంతకు మించితే 600. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఏడు వేల కిలోమీటర్ల పైనే. చట్టంలో మొదట ఈ డబ్బు రద్దయిన విమానాలకూ, సీటుండీ ఎక్కించుకోని ప్రయాణికులకూ మాత్రమే రాశారు. మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరినవాళ్ళకు కూడా ఇవ్వాల్సిందేనని లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం 2009లో తీర్పు చెప్పింది. చక్రాలు నేలను తాకిన సమయం కాదు, విమానం తలుపు తెరిచిన సమయమే లెక్క.

ఇక "టెక్నికల్ ప్రాబ్లం" అన్న మాట. ఆ మాట వినగానే మనవాళ్ళు పాపం అనుకుని ఊరుకుంటారు. అసాధారణ పరిస్థితి అయితే కంపెనీ డబ్బు ఇవ్వనక్కర్లేదన్నది నిజమే. తుఫాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ళ ఆంక్షలు, పక్షి ఢీకొనడం అలాంటివి. కానీ విమానంలో ఏదో భాగం చెడిపోవడం ఆ కోవలోకి రాదని అదే న్యాయస్థానం 2008లోనే చెప్పింది. విమానాలు నడిపేవాళ్ళకు మరమ్మతులు రోజువారీ పని. తయారీలోనే దాగి ఉన్న లోపం వంటిది బయటపడితే తప్ప ఆ సాకు చెల్లదు.

వోచర్ సంగతి చట్టంలోనే రాసి ఉంది. నష్టపరిహారం నగదుగానో, బ్యాంకు ద్వారానో, చెక్కుగానో ఇవ్వాలి. వోచర్ ఇవ్వాలంటే ప్రయాణికుడి సంతకం ఉండాలి. మీకు లింక్ పంపింది ఆ సంతకం కోసమే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2011లో మా అమ్మను తీసుకుని పారిస్ నుంచి తిరిగొస్తున్నాను. విమానం చెడిపోయింది, రేపు సాయంత్రం అన్నారు. రాత్రి పదకొండయింది. భోజనానికని ఇచ్చిన చీటీ పట్టుకుని వెళ్తే కొట్టు షట్టర్ దించేస్తున్నారు, "పదింటి దాకానే" అని చీటీ వెనక ముద్ర చూపించారు. మధ్యాహ్నం తిన్న బ్రెడ్ ముక్క తప్ప అమ్మ కడుపులో ఏమీ లేదు. తిరిగి కౌంటర్‌కు వెళ్తే ఒక ఫారం ముందుకు తోశారు. ఇక్కడ సంతకం చేస్తే హోటల్ గదికి బస్సు, తర్వాతి ప్రయాణానికి 150 యూరోల వోచర్ అన్నారు. అమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. చదవకుండా ఇద్దరి తరఫునా సంతకం పెట్టేశాను. ఆకలి మీదున్న మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. ఆ గది నా సంతకంతో సంబంధం లేకుండానే ఇవ్వాల్సిందని అప్పుడు నాకు తెలియదు. టికెట్లు అమ్మే మనిషినై ఉండి కూడా తెలియదు.

తెలిసింది మర్నాడు మధ్యాహ్నం, గార్ దు నోర్ స్టేషన్ దగ్గర లా షపెల్ పేటలో, ఇడ్లీ ప్లేటు ముందు. ఎదురు బల్ల మీద జాఫ్నా తమిళాయన ఒకరు భోంచేస్తున్నారు. నాకొచ్చిన అరకొర తమిళంలో జరిగింది చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, రసీదు వెనక '261/2004' అని రాసి ఇచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. అందుకే మీ రెండు ప్రశ్నలూ నాకు ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి.

మీరు చేయాల్సిన పని చెప్తాను. కంపెనీకి ఇంగ్లీషులో ఒక మెయిల్ రాయండి. ఫ్లైట్ నంబరు, తేదీ, పీఎన్ఆర్, ఇద్దరి పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఎన్ని గంటలకు దిగాల్సింది, తలుపు తెరిచింది ఎప్పుడు. ఈసీ 261/2004 ఆర్టికల్ 7 కింద తలా 600 యూరోలు కోరుతున్నాం, వోచర్‌కు అంగీకరించడం లేదు అని ఒక్క వాక్యం. మీ అన్నయ్య జర్మన్ బ్యాంకు ఖాతా నంబరు ఇస్తే డబ్బు తేలిగ్గా పడుతుంది. బోర్డింగ్ పాసుల ఫొటోలు జతచేయండి. కోపం, రాత్రి పడ్డ బాధ అందులో రాయకండి. వాటికి వేరే చోటుంది. బెంగళూరులో సాండ్‌విచ్ చీటీ ఇచ్చాం కదా అని వాళ్ళు అంటే, అది ఈ పరిహారానికి అడ్డం కాదు.

రెండు నెలలు గడిచినా సరైన జవాబు రాకపోతే, జర్మనీలో ప్రయాణికుల తగాదాలు తేల్చే మధ్యవర్తి సంస్థ ఉంది. ప్రయాణికుడి దగ్గర ఫీజు తీసుకోరు. మీ అన్నయ్య అక్కడే ఉన్నారు కాబట్టి జర్మన్‌లో ఫారం నింపడం కష్టం కాదు. జర్మన్ చట్టంలో గడువు కూడా ఉదారమే. విమానం ఆలస్యమైన ఏడాది ముగిశాక మూడేళ్ళ దాకా సమయం ఉంటుంది. మీ తరఫున డబ్బు రాబడతామని చెప్పే కంపెనీలు ఇంటర్నెట్లో చాలా కనిపిస్తాయి. వచ్చినదాంట్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా తీసుకుంటాయి. ఇంత స్పష్టమైన కేసులో వాళ్ళకు వాటా ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

బ్యాగు సంగతి మాత్రం అర్జెంటు. ఇది వేరే చట్టం. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం, మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉంది. ఆలస్యంగా వచ్చిన బ్యాగుకు, అది చేతికందిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మీకు ఇంకా పది రోజులే ఉన్నాయి. బ్యాగు పాడై వచ్చి ఉంటే గడువు ఏడు రోజులే, అది దాటిపోయింది. ఎయిర్‌పోర్టులో బ్యాగు రాలేదని నింపిన పీఐఆర్ కాగితం ఉంటుంది, ఆ నంబరు వేయండి. ఆ నాలుగు రోజులూ కొన్న బట్టలు, మందులు, టూత్‌బ్రష్ దాకా రసీదులు జతచేయండి. ఈ ఒప్పందం కింద గరిష్ఠ పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే యూనిట్, ఒక్కోటి నూరు రూపాయల పైచిలుకు. అంత మొత్తమూ రాదు, ఖర్చు చూపించినంతే వస్తుంది. నాన్నగారి మందులు ఆ బ్యాగులోనే ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే, ఈసారి నుంచి ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలోనే పెట్టించండి.

ఇక ఆ రాత్రి. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలు విదేశీ విమానాల ప్రయాణికులను కూడా గాలికి వదిలేయలేదు. ప్రయాణం ఐదు గంటలు మించే విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే భోజనం, ఫలహారం ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలు దాటి ఆలస్యమైతే హోటల్ గది, రానూపోనూ బండి ఏర్పాటు చేయాలి. మీవాళ్ళది 1:50 విమానం, ఏడు గంటల ఆలస్యం. కాబట్టి డెబ్భై ఏళ్ళ షుగర్ మనిషి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో తెల్లవార్లూ కుర్చీలో కూర్చోవాల్సిన అవసరమే లేదు. ఇమిగ్రేషన్ దాటాక ప్రయాణికుల్ని బయటికి తీసుకెళ్ళాలంటే వేసిన ముద్ర రద్దు చేయించాలి, ఆ పని పెట్టుకోవడం ఇష్టంలేక సిబ్బంది "ఇంకో గంటే, ఇంకో గంటే" అంటూ గడిపేస్తారు. ఇది నేను చాలాసార్లు విన్న మాట.

చికెన్ సాండ్‌విచ్ గురించి చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. శాకాహారికి మాంసం పెట్టి "భోజనం ఇచ్చాం" అని రాసుకుంటే అది భోజనం ఎలా అవుతుంది? మీరు టికెట్‌లో వెజ్ భోజనం కోరి ఉంటే ఆ సంగతి వాళ్ళ రికార్డులోనే ఉంటుంది. ఆ రాత్రి నాన్నగారు పాలో, అరటిపండ్లో, ఇడ్లీయో సొంత డబ్బుతో కొనుక్కుని ఉంటే బిల్లులు వెతకండి, అవి కూడా అడగవచ్చు. గది ఇవ్వలేదన్న ఫిర్యాదు పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్‌లో పెట్టండి. అక్కడ రాయండి, రాత్రి పడ్డ బాధంతా. అక్కడా పని జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత కన్స్యూమర్ కమిషన్. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు ఉండే ఊళ్ళోనే కేసు వేయవచ్చు. టికెట్‌కు కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు.

ఇప్పుడు తిండి సంగతికి వద్దాం.

బెంగళూరులో మనకు ఆంధ్రా మెస్ ఎలా దొరుకుతుందో ఆలోచించండి. బోర్డు చూసి కాదు. మన పిల్లలు పీజీల్లో ఎక్కడుంటే అక్కడ మెస్ వెలుస్తుంది, పక్కనే కందిపొడి, గోంగూర అమ్మే కొట్టు ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ అంతే. ముందు మన కిరాణా కొట్టు వెతకండి. దోసె పిండి, కరివేపాకు అమ్మే కొట్టులో "ఇక్కడ మంచి భోజనం ఎక్కడ?" అని అడిగితే వచ్చే జవాబు ఫోన్లో కనిపించే రేటింగు చుక్కల కన్నా నమ్మకమైనది. మెయిన్ రైల్వే స్టేషన్ ఎదురు వీధులు, కైజర్‌స్ట్రాసె, మ్యూన్‌షెనర్‌స్ట్రాసె, వలస వచ్చినవాళ్ళ కొట్లతో నిండి ఉంటాయి. చెన్నైలో పుట్టిన శరవణ భవన్ శాఖ కూడా ఆ స్టేషన్ దగ్గరే ఉంది. ఆ పేట రాత్రిపూట పెద్దవాళ్ళకు బాగుండదు, పగటి భోజనానికే వెళ్ళమనండి. ఊళ్ళో గురుద్వారా కూడా ఉంది. లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, పప్పు, రొట్టె ఎవరికైనా పెడతారు, మాంసం ఉండదు, డబ్బు అడగరు. మీ అమ్మగారు మనసు నిమ్మళంగా తినగల చోటు అది.

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. మన కిరాణా కొట్లు కూడా. పాలు, పెరుగు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి. చిన్న హోటళ్ళు మధ్యాహ్నం రెండున్నర తర్వాత వంటగది ఆపి మళ్ళీ సాయంత్రం తెరుస్తాయి, షుగర్ ఉన్నవాళ్ళకు ఇది ముఖ్యం. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, నాన్నగారి జేబులో నలభై యాభై యూరోలు ఉండాలి. నీళ్ళు అడిగితే గ్యాస్ నీళ్ళు తెస్తారు, 'స్టిల్' అనాలి. వాళ్ళ లెక్కలో వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే. మీవాళ్ళు గుడ్డు కూడా తినకపోతే "ఓనె ఫ్లైష్, ఓనె ఫిష్, ఓనె ఐ" అన్న జర్మన్ మాటలు తెలుగు అక్షరాల్లో రాసి అమ్మగారి పర్సులో పెట్టించండి. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని.

పారిస్‌లో నేను చెప్పిన లా షపెల్‌కు తప్పక వెళ్ళమనండి. గార్ దు నోర్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళవచ్చు. 1983 తర్వాత శ్రీలంక నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన తమిళులు ఫోబుర్ సాన్ దెని వీధి పొడవునా కొట్లు పెట్టుకున్నారు. మల్లెపూలు, పట్టుచీరలు, స్టీలు గిన్నెలు, వేడి వడలు అన్నీ ఆ వీధిలోనే. పక్కనే వినాయకుడి గుడి ఉంది. బెంగళూరులో ఉన్నవాళ్ళకు తమిళం అంతో ఇంతో వస్తుంది. అమ్మగారు "తయిర్ సాదం" అంటే చాలు, మారుమాట లేకుండా పెరుగన్నం వస్తుంది. ఒక్క జాగ్రత్త. శ్రీలంక వంటలో కొబ్బరి సంబల్ చూడ్డానికి మన కొబ్బరి పచ్చడిలా ఉంటుంది గాని, అందులో తరచుగా ఎండు చేప పొడి కలుపుతారు. అడగకుండా వేసుకోవద్దు. అక్కడ మామూలు కుళాయి నీళ్ళు ఉచితంగానే ఇస్తారు, "కారాఫ్ దో" అని అడగాలి.

ఇలాంటి చోట్లు తిండికి మించి పనికొస్తాయి. లండన్ స్ట్రాండ్ వీధిలో ఇండియా క్లబ్ అని 1951లో మొదలైన చోటు ఒకటుండేది. బ్రిటన్‌లో మన మొదటి హైకమిషనర్ వి.కె. కృష్ణ మీనన్‌కు దాని పుట్టుకతో సంబంధం ఉంది. ఇరుకు మెట్లెక్కి వెళ్తే దోసె, కాఫీ, ఊరుగాని ఊళ్ళో నాలుగు మాటలు. 2023 సెప్టెంబరులో మూసేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు లా షపెల్‌లో రసీదు వెనక రాసిచ్చిన ఆయనే గుర్తొచ్చారు.

తిరుగు ప్రయాణానికి ఈ రాత్రే రెండు పనులు చేయండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బయల్దేరే విమానం కాబట్టి 261 వర్తిస్తుంది, అది అమ్మానాన్నలకు చెప్పి ఉంచండి. అలాగే టికెట్ తెరిచి ఇద్దరి పేర్ల పక్కనా ఏవీఎంఎల్ అని ఉందో లేదో చూడండి. అది మన తరహా శాకాహార భోజనానికి విమానాలవాళ్ళు వాడే కోడ్, కనీసం 24 గంటల ముందు నమోదు చేయాలి. షుగర్‌వాళ్ళ భోజనం కోడ్ వేరు. అందులో మాంసం ఉండవచ్చు, కాబట్టి నాన్నగారికి కూడా ఏవీఎంఎల్ పెట్టించడమే మేలు. ఎయిర్‌పోర్టుకు బయల్దేరేటప్పుడు వదినగారిని నాలుగు చపాతీలు చుట్టి, కాస్త పొడి కూర పెట్టి ఇవ్వమనండి. పెరుగు, ఊరగాయ సెక్యూరిటీ దగ్గర తీసేయవచ్చు, చపాతీలను ఆపరు. కౌంటర్‌లో ఏ కాగితం ముందుకు తోసినా ముందు చపాతీ తిని, తర్వాత మీకు ఫోన్ చేయమని నాన్నగారికి చెప్పండి.